జవాబు తెలిసిన ప్రశ్న

రాత్రి తొమ్మిదిన్నర దాటింది. అన్నాలయ్యాయి. పక్కలు వేసుకునే వేళకి మీ అబ్బాయి తల గోక్కుంటూ వచ్చి, "అమ్మా, రేపు ప్రాజెక్టు ఇవ్వాలి. థర్మోకోలు అట్ట కావాలి" అంటాడు. ఇక చూసుకోండి. తండ్రి చొక్కా తొడుక్కుని, మూసేస్తున్న దుకాణం దగ్గరికి పరుగెత్తుతాడు. తల్లి జిగురు సీసా కోసం ఇల్లంతా వెతుకుతుంది. అక్కగారు బొమ్మలు కత్తిరిస్తుంది. పన్నెండు గంటలకల్లా అగ్నిపర్వతమో, సౌరకుటుంబమో తయారవుతుంది. ప్రాజెక్టు చెయ్యవలసిన పిల్లవాడు మాత్రం ఎప్పుడో నిద్రపోయి వుంటాడు.

ఇది మీ ఇంటి కథ ఒక్కటే అనుకోకండి. మా కాలేజీలో మీసాలొచ్చిన పిల్లల కథ కూడా ఇదే. తేడా అల్లా, వాళ్లకి థర్మోకోలు బదులు జెరాక్సు దుకాణం వుంది.

నేను శ్రీకాకుళంలో ఒక డిగ్రీ కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పుకుంటున్నవాణ్ణి. 2020-21లో మన రాష్ట్రంలో డిగ్రీ చదువులకి కొత్త పాఠ్యప్రణాళిక వచ్చింది. మొదటి సంవత్సరం చదివిన ప్రతి విద్యార్థీ జనంలోకి వెళ్లి 180 గంటలు పనిచేసి, తాను చూసిందీ తెలుసుకున్నదీ పుస్తకంగా రాసి ఇవ్వాలన్నారు. 'కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు' అని దానికి పేరు. ఆలోచన బంగారం లాంటిది. పిల్లలు నాలుగు గోడలు దాటి నాలుగు వీధులు చూస్తారంటే కాదనే మేస్టారు ఎవరు?

నేనూ సంబరపడ్డాను. నా వంతుకి వచ్చిన పిల్లలకి చక్కగా శీర్షికలు పంచాను. 'గ్రామీణ జీవనం', 'పారిశుద్ధ్యం', 'మహిళల స్థితిగతులు', ఇలాగన్నమాట. సెలవులయ్యాక పుస్తకాలు వచ్చాయి. రంగురంగుల అట్టలు, మెరిసే కాగితాలు. దిద్దడానికి కూర్చున్నాను. మూడో పుస్తకం దగ్గర అనుమానం వచ్చింది. అయిదో పుస్తకం దగ్గర రూఢి అయింది. 'పరిస్థితులు' అనే మాటలో ఒకే అక్షర దోషం అన్ని పుస్తకాల్లోనూ ఒకే చోట కూర్చుని నన్ను పలకరిస్తోంది. ఇంకా చిత్రం ఏమిటంటే, పాలకొండ వైపు ఒక వూరి మీద రాసిన పుస్తకంలో సముద్రపు గాలీ, కొబ్బరితోటలూ వున్నాయి. ఉద్దానం వూరి పుస్తకాన్ని తెచ్చి వూరి పేరు ఒక్కటి మార్చారు. తోటలు మార్చడం మరిచిపోయారు.

కోపం వచ్చిందా అంటే వచ్చింది. కాని అంతకంటె సిగ్గుపడవలసిన మాట ఒకటి చెబుతాను. అన్నిటి మీదా సంతకం పెట్టేశాను. గడువు దగ్గర పడింది, మార్కులు పంపాలి. అదీ నా ధర్మపరిపాలన.

ఆ తరవాత ఒకనాడు ఆ జట్టులోని కుర్రవాడు వరండాలో కనిపిస్తే ఉండబట్టలేక అడిగాను. "ఏమోయ్, పాలకొండలో సముద్రం ఎప్పుడొచ్చింది?" అన్నాను. వాడు తల దించుకున్నాడు. కాసేపాగి, వినయంగానే అన్నాడు: "మీరడిగినవన్నీ మీకు తెలిసినవే కదా మేస్టారూ. తెలిసింది మళ్లీ ఎందుకు అడుగుతున్నారో మాకు తెలియలేదు. మీకు కావలసింది పుస్తకమే కాబోలని పుస్తకం ఇచ్చేశాం."

చెంప మీద కొట్టినట్టయింది. వాడు చేసింది తప్పే. కాని వాడన్న మాటలో తప్పేదీ నాకు కనిపించలేదు. ఇరవై ఏళ్లుగా తరగతిలో రోజుకి ముప్ఫయి ప్రశ్నలు వేస్తున్నాను. వాటిలో ఒక్కటైనా నాకు జవాబు తెలియనిది వుందా? ఇంట్లో మా ఆవిడని "ఉప్పెక్కడుంది?" అని అడిగితే, ఉప్పెక్కడుందో తెలియక అడుగుతాను. తరగతిలో "ఇది ఏ సమాసం?" అని అడిగితే, అదేమిటో నాకు తెలిసే అడుగుతాను. మొదటిది ప్రశ్న. రెండోది పరీక్ష. పరీక్ష తప్పని అనను. పరీక్ష కోసం పిల్లవాడు ఎండలో వూరంతా తిరుగుతాడని ఆశించడం మాత్రం అత్యాశ.

ప్రాజెక్టు పద్ధతి మనకి కొత్తదేమీ కాదు. 1918లో అమెరికాలో కొలంబియా విశ్వవిద్యాలయంలోని కిల్‌పాట్రిక్ అనే ఆచార్యుడు దీని మీద ఒక వ్యాసం రాశాడు. పిల్లలు ఒక ఉద్దేశం పెట్టుకుని మనసారా చేసే పనే చదువుకి ఇరుసు కావాలన్నాడు. 1937లో వార్ధాలో గాంధీగారు ఇంకో దారిన అక్కడికే వచ్చారు. తకిలీ పట్టి నూలు వడికే పిల్లవాడికి ఆ నూలులోంచే లెక్కలూ, భూగోళమూ, చరిత్రా చెప్పవచ్చునన్నారు. 1991లో అమెరికాలో మరి కొందరు విద్యావేత్తలు ఒక వ్యాసంలో, ప్రాజెక్టుకి రెండు వుండి తీరాలని రాశారు. ఒకటి, పనినంతా ముందుకు నడిపే ప్రశ్న. రెండోది, ఆ ప్రశ్నకి జవాబుగా పిల్లలు తమ చేతులతో తయారుచేసే వస్తువు. ఆ ప్రశ్నని ఇంగ్లీషులో 'డ్రైవింగ్ క్వశ్చన్' అంటారు. బండి తోలే ప్రశ్న అన్నమాట. నేను మా పిల్లలకి బండి ఇచ్చాను, చక్రాలిచ్చాను, 180 గంటల దారి చూపించాను. ఎద్దుల్ని కట్టడం మరిచిపోయాను.

ఇంతకీ అమెరికా దాకా ఎందుకు? మన గడ్డ మీద జరిగిన ముచ్చట్లు రెండున్నాయి.

విజయనగరం మహారాజా ఆనంద గజపతి రాజావారి కాలం. డబ్బు పుచ్చుకుని ఆడపిల్లల్ని ముసలివాళ్లకి కట్టబెట్టే ఆచారం తప్పని ఉపన్యాసాలు చెప్పేవారు అప్పటికే వున్నారు. మహారాజావారు ఇంకో పని చేశారు. అసలు ఇలాంటి పెళ్లిళ్లు ఎన్ని జరుగుతున్నాయో లెక్క తీయించారు. అప్పటి విశాఖపట్నం జిల్లాలో బ్రాహ్మణ కుటుంబాల్లో జరిగిన శుల్క వివాహాలు, దొరికినంతవరకే, 1,034 తేలాయి. సగటున ఏడాదికి 344. వాటిలో అయిదేళ్ల పెళ్లికూతుళ్లు 99 మంది, నాలుగేళ్లవాళ్లు 44, మూడేళ్లవాళ్లు 36, రెండేళ్లవాళ్లు 6. ఏడాది నిండిన పసికందులు ముగ్గురు. ఈ లెక్కంతా గురజాడవారు 1897లో అచ్చయిన 'కన్యాశుల్కం' తొలి కూర్పు ముందుమాటలో చెప్పారు. ఆ నాటకాన్ని ఏళ్ల తరబడి పాఠం చెప్పాను. గిరీశం మాటలకి పిల్లలు నవ్వేవారు, నేనూ నవ్వేవాణ్ణి. ఆ నవ్వు వెనకాల ఎవరో ఇంటింటా అడిగి "పిల్లకి ఎన్నేళ్లు? ఎంత ఇచ్చారు?" అని రాసుకున్న కాగితం వుందని ఒక్కనాడూ చెప్పలేదు. 'బాల్యవివాహాలు, నష్టాలు' అని శీర్షిక ఇచ్చివుంటే ఆ కాగితం పుట్టేదా?

రెండో ముచ్చట 1907 నాటిది. యేట్స్ అనే ఇంగ్లీషు దొర మన ఉత్తర జిల్లాల బడులకి ఇన్‌స్పెక్టరు. తెలుగు నేర్చుకుంటున్నాడు. పుస్తకంలో వున్న తెలుగు ఒకటి, బయట వినిపించే తెలుగు మరొకటి. ఎందుకిలా వుందని మేస్టర్లని అడిగాడు. ఇన్‌స్పెక్టరు ప్రశ్న వేస్తే బడిపంతుళ్లు వణకడం లోకరీతి. వాళ్లు వేసేవి జవాబు తెలిసిన ప్రశ్నలు గనక. ఈయన మాత్రం తెలియక అడిగాడు. ఆ ప్రశ్న పర్లాకిమిడిలో పాఠాలు చెబుతున్న గిడుగు రామమూర్తి పంతులుగారిని పట్టుకుంది. మరి వదలలేదు. మన వంశధార ఒడ్డున పర్వతాలపేటలో పుట్టిన ఆ పెద్దమనిషి, 1940లో కన్నుమూసేదాకా దాని వెంటే నడిచారు. ఇవాళ మీరు ఈ పత్రికను నిఘంటువు లేకుండా చదువుతున్నారంటే ఆ ప్రశ్న పుణ్యమే సుమా.

ఈ రెండూ తలుచుకుని, మరుసటి ఏడు నేను శీర్షికలు పంచలేదు. ఎనిమిది మంది జట్టుని కూర్చోబెట్టి, "ప్రశ్న మీరే తేవాలి. దానికి జవాబు నాకు తెలిసివుండకూడదు, మీ ఫోనుకీ తెలిసివుండకూడదు" అన్నాను.

వారం దాకా ఏమీ రాలేదు. తరవాత వచ్చినవి చూసి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఒకడు 'పొందూరు ఖద్దరు' అని రాసుకొచ్చాడు. అది ప్రశ్న కాదు నాయనా, దుకాణం బోర్డు అన్నాను. ఇంకొకడు దానికే తోక తగిలించి 'పొందూరు ఖద్దరు ఎలా తయారవుతుంది?' అన్నాడు. ప్రశ్నే. కాని అయిదు నిమిషాల్లో ఫోను చెప్పేస్తుంది. కొండపత్తిని గింజతో వుండగానే వాలుగ చేప దవడతో దువ్వుతారు. తరవాత గింజ తీసి, ఏకి, ఏకులు చుట్టి, రాట్నం మీద సన్నటి నూలు వడుకుతారు. ఇదంతా ఇప్పటికే వందమంది రాసివున్నారు. మూడోవాడు ఆవేశపరుడు. 'చేనేతను కాపాడుకోవాలా వద్దా?' అన్నాడు. దీనికి జవాబు ముందే ఖాయం. "కాపాడుకోవాలి" అని మొదటి పేజీలోనే వచ్చేస్తుంది, మిగిలిన పేజీలన్నీ నినాదాలే.

కవిటి వైపు నుంచి వచ్చే కుర్రవాడు మాత్రం గుండె బరువెక్కించాడు. "ఉద్దానంలో కిడ్నీల జబ్బు ఎందుకొస్తోంది మేస్టారూ?" అన్నాడు. వాళ్ల పెదనాన్నకి డయాలిసిస్ జరుగుతోంది. ఇది నిజమైన ప్రశ్నే. ఎవరికీ పూర్తిగా జవాబు తెలియని ప్రశ్న కూడా. కాని ఏళ్ల తరబడి పెద్ద పెద్ద వైద్యులు వెతుకుతున్న దాన్ని రెండు నెలల సెలవుల్లో పద్దెనిమిదేళ్ల కుర్రవాడి నెత్తిన ఎలా పెట్టను? వాడి ప్రశ్న కొట్టెయ్యకుండా, వాడూ నేనూ కూర్చుని దాన్ని వాడి చేతికి అందే కొలతకి దించాం. హిరమండలం నుంచి వంశధార నీళ్లు తెచ్చే పథకం 2023లో ప్రారంభమయింది కదా. 'మా వీధిలో ఇప్పుడు ఎవరు ఏ నీళ్లు తాగుతున్నారు? అంతకుముందు ఏ నీళ్లు తాగేవారు? మారనివాళ్లు ఎందుకు మారలేదు?' అన్నది తేలింది. ఇది వాడు చెయ్యగలడు. వాడి వీధి గనక వాడే చెయ్యగలడు. ప్రశ్న మరీ చిన్నదైతే ఫోను మింగేస్తుంది. మరీ పెద్దదైతే అదే పిల్లవాణ్ణి మింగేస్తుంది.

మిగిలినవాళ్లు ఇంకా ఖద్దరు దగ్గరే వున్నారు. అప్పటిదాకా మాట్లాడని పొందూరు అమ్మాయి వెనక బెంచీలోంచి, "మా మామ్మ వడుకుతాది మేస్టారూ" అంది. ఆగి, "మా అమ్మకి వచ్చు గాని వడకదు. నాకు రానే రాదు" అంది.

"ఎందుకు రాదు?" అన్నాను.

ఆ అమ్మాయి కొంచెంసేపు ఆలోచించింది. "తెలీదు మేస్టారూ. ఎప్పుడూ అడగలేదు."

నల్లబల్ల మీద రాశాను: 'మామ్మ వడికే నూలు మనవరాలు ఎందుకు వడకదు?' తరగతి గదిలో అలికిడి మారింది. "కూలి గిట్టక" అన్నాడొకడు. "నామోషీ" అందొక అమ్మాయి. "ఓపిక లేక" అన్నాడు ఇంకొకడు. వాళ్లలో వాళ్లకే తగువు మొదలయింది. నేను సుద్దముక్క బల్ల మీద పెట్టి పక్కకి తప్పుకున్నాను. మేస్టారు పక్కకి తప్పుకున్నా పని ఆగకపోతే ప్రశ్న కుదిరిందన్నమాట. నాకు తెలిసిన పరీక్ష ఇదొక్కటే.

మొదటి రోజు పొందూరు ప్రయాణం మాత్రం అభాసుపాలయింది. తప్పు నాదే. ప్రశ్నావళి నేను దిద్దాను. తెలుగు ఎమ్మే చదివిన చెయ్యి కదా, "మీ వృత్తిపరంగా మీరు ఎదుర్కొంటున్న సమస్యలేమిటి?" అని తయారయింది. ఒక ముసలమ్మ రాట్నం ఆపి, పిల్లల వంకా నా వంకా చూసి, "సమస్యలేటి బావూ? ఏటీ నేవు. మీరెల్లండి, ఎండగుంది" అంది. గిడుగువారి సొంత జిల్లాలో, ఆయన పోయిన ఇన్నేళ్లకి, తెలుగు మేస్టారు వేసిన తెలుగు ప్రశ్న తెలుగావిడకి అందలేదు.

సాయంత్రం బస్సులో పిల్లలే ఆ కాగితాన్ని మడిచేశారు. రెండోసారి వెళ్లినప్పుడు చేతిలో కాగితాలు లేవు. రాట్నం పక్కన చతికిలబడ్డారు. "ఈ చిలప వడకడానికి ఎంతసేపు పడతాది మామ్మా?" అని అడిగారు. "ఏమో, గడియారం ఎవలు సూసేరు?" అందావిడ. "అయితే మేం చూస్తాం" అన్నారు.

చూడడం మొదలుపెట్టాక తమాషా బయటపడింది. ముగ్గురు పిల్లలు మూడిళ్లలో కూర్చుని లెక్క వేస్తే మూడు లెక్కలొచ్చాయి. ఎవరిది తప్పు? ఎవరిదీ కాదు. ఒకడు రాట్నం తిరిగిన సేపే రాసుకున్నాడు. ఇంకొకడు పత్తి ఏరడం, దవడతో దువ్వడం కూడా కలిపాడు. మూడో అమ్మాయి, రాత్రి అన్నాలయ్యాక దీపం కింద కూర్చుని ఏకులు చుట్టడం కూడా రాసింది. ఆ రాత్రి పనిని అప్పటిదాకా ఆ ఇంట్లో ఎవరూ పని కింద లెక్కపెట్టలేదు. వడికే ఆవిడ కూడా లెక్కపెట్టలేదు. వచ్చే డబ్బుని మూడో అమ్మాయి గంటలతో భాగిస్తే, పక్కింటి ఆవిడ పొలం పనికి పోయి తెచ్చే కూలికన్నా తక్కువ పడింది. లెక్కలంటే పారిపోయి తెలుగులో చేరిన పిల్లలు ఆ రోజు భాగహారం మూడుసార్లు చేసి సరిచూసుకున్నారు.

"జవాబు దొరికింది మేస్టారూ. కూలి గిట్టక" అన్నాడు మొదటివాడు, పందెం నెగ్గినవాడిలా. నేనూ ఒప్పుకునేవాణ్ణే. పొందూరు అమ్మాయి ఒప్పుకోలేదు. "కూలి గిట్టకపోతే మామ్మ మాత్రం ఎందుకు వడుకుతోంది? నాకు ఎందుకు నేర్పలేదు? అది కదా ప్రశ్న" అంది.

"ఇంట్లోనే వుంది కదా, అడుగు" అన్నాను.

అడగడానికి ఆ అమ్మాయికి నాలుగు రోజులు పట్టింది. అడిగిన రోజున మేమంతా ఆ ఇంటి వసారాలోనే వున్నాం. ముసలావిడ కదురు మీద చూపు ఎత్తకుండానే అంది: "నేర్పితే వడుకుతావని నేర్పనేదే గుంటా."

రాట్నం తిరుగుతూనే వుంది. ఎవరూ మాట్లాడలేదు. తరవాత ఆవిడే, ఎవరికో సంజాయిషీ చెబుతున్నట్టు, "దీని పుస్తకాలకీ బస్సు పాసుకీ ఈ నూలే బావూ. ఇదీ ఇక్కడే కూకుంటే మరెందుకు వడికినట్టు?" అంది.

పిల్ల లోపలికి వెళ్లిపోయింది. నేను చూరుకేసి చూస్తూ కూర్చున్నాను. ఎన్నో ఏళ్లు కరుణరసం గురించి పాఠం చెప్పినవాణ్ణి. ఆ పూట నోట మాట రాలేదు.

ఇంతటితో కథ ముగిసిందనుకుంటున్నారు కాబోలు. నేనూ అలాగే అనుకున్నాను. తిరుగు బస్సులో, అదే వూళ్లో మగ్గం వున్న ఇంటి కుర్రవాడు నెమ్మదిగా అన్నాడు: "అందరి మామ్మలూ ఇలాగే అనుకుంటే మా నాన్న ఏ నూలు నేస్తాడు మేస్టారూ?" మంచి ప్రశ్న లక్షణం ఇదే కాబోలు. జవాబు చెప్పి వూరుకోదు, పిల్లల్ని కని పోతుంది. శ్రీకాకుళం వచ్చేదాకా బస్సులో వాదన. చదివించడం కోసం వడికిన నూలు, ఆ చదువు వల్లనే ఆగిపోతే, దాన్ని మంచి అనాలా చెడు అనాలా? ఒక్కరూ నా వంక చూసి "మీరు చెప్పండి మేస్టారూ" అనలేదు. ఇరవై ఏళ్ల ఉద్యోగంలో నాకు దక్కిన పెద్ద మర్యాద అదే.

పుస్తకం రాశారు. మొత్తం పంతొమ్మిది పేజీలు. మెరిసే అట్ట లేదు. యాభై ఇళ్ల పట్టిక లేదు, తొమ్మిదిళ్లే వున్నాయి. అచ్చు వేయించేముందు ఆ తొమ్మిదిళ్లవాళ్లనీ ఒక వసారాలో కూర్చోబెట్టి పిల్లలు చదివి వినిపించారు. ఆడవాళ్లు రెండుచోట్ల ఆపి తప్పులు దిద్దారు. ఏకుల్ని ఎండిన అరటిదొప్పలో ఎందుకు పెడతారో పిల్లలు తలకిందులుగా రాశారట. ఒకావిడ, "మా మాటలు ఇలాగే రాసేసేరేటి? పుస్తకంలో మంచి తెలుగు రాయాల కదా" అని కంగారుపడింది. "ఇదే మంచి తెలుగు మామ్మా" అన్నారు పిల్లలు. నేను చెప్పమన్న మాట కాదది.

మార్కులు వేసే వేళ మళ్లీ నా పాత జబ్బు తిరగబెట్టింది. ఫారంలో గడులున్నాయి. 'ఎన్ని ఇళ్లు?' 'పట్టికలు?' 'సూచనలు?' సూచనల పేజీలో ఈ పిల్లలు సూచనలకి బదులు ఇంకో మూడు ప్రశ్నలు రాసిపెట్టారు. గడులు చూస్తే మార్కులు తగ్గించాలి. కలం పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. పాలకొండలో సముద్రం చూపించిన పుస్తకానికి అన్ని గడులూ నిండాయి కదా, దానికి నిండా మార్కులు వేసిన చెయ్యి ఇదే కదా అని గుర్తొచ్చింది. ఈసారి సంతకం పెట్టేటప్పుడు సిగ్గుపడలేదు.

అన్ని జట్లకీ ఇలాగే కుదిరిందని కోతలు కొయ్యను. అదే ఏడు మరో జట్టు తెచ్చిన ప్రశ్న సగంలో చచ్చిపోయింది. ఎవరికీ దాని మీద నిజంగా మక్కువ లేదు. చివరికి వాళ్లు జెరాక్సు దుకాణానికే వెళ్లారు. ప్రశ్న వుంటే చాలదు. అది అడిగేవాడి ఇంట్లోంచో, వీధిలోంచో, కడుపులోంచో రావాలి. మేస్టారు చెయ్యగలిగింది దాన్ని గుర్తుపట్టడం, కాస్త చెక్కడం, ఆ తరవాత అడ్డం లేవడం.

తల్లిదండ్రులకి ఒక్క మనవి. ఈసారి మీ పిల్లవాడు తొమ్మిదిన్నరకి థర్మోకోలు అడిగితే, దుకాణానికి పరుగెత్తేముందు ఒక్క నిమిషం కూర్చోబెట్టి, "దేని గురించిరా?" అని కాకుండా, "ఏం తెలుసుకుందామని రా?" అని అడగండి. 'నీటి పొదుపు' అంటాడు. "మనింట్లో రోజుకి ఎన్ని బిందెలు వాడుతున్నాం? ఎక్కువ వాడేదెవరు?" అనండి. మీకూ తెలియదు కదా? బాగుంది. ఇద్దరూ కలిసి లెక్కపెట్టండి. తేలేది మీ స్నానం సంగతే కావచ్చు, అందుకు సిద్ధపడండి.

ఈ ఏడు కొత్త పిల్లలు వచ్చారు. మొదటిరోజే నా షరతు చెప్పాను. నిన్న ఒక కుర్రవాడు, ఆమదాలవలస అవతల పల్లెవాడు, తరగతి అయ్యాక బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. "మా వూళ్లో అన్ని చెరువులకీ పేర్లున్నాయి మేస్టారూ. ఒక్కదానికి లేదు. ఎందుకు లేదు?" అన్నాడు.

"నాకు తెలియదు" అన్నాను.

నేను ఇంకేమైనా చెబుతానేమోనని వాడు కాసేపు ఎదురుచూశాడు. చెప్పకపోయేసరికి, జేబులోంచి పెన్ను తీశాడు.